ఏడుపు ఆగాక

1999 జులైలో టోక్యో పడమటి శివారులో వేసవి తిరునాళ్లు జరుగుతున్నాయి. నాలుగేళ్ల పిల్లవాడొకడు పీచుమిఠాయి తింటూ తిరుగుతున్నాడు. అక్కడ పీచుమిఠాయిని అన్నం తినే చెక్కపుల్లకు చుట్టి ఇస్తారు. ఆ పుల్ల నోట్లో ఉండగానే పిల్లవాడు బోర్లా పడ్డాడు. అంగిట్లో చిన్న గాయమైంది. రక్తం కూడా పెద్దగా కారలేదు. అంబులెన్సులో ఒక విశ్వవిద్యాలయ ఆసుపత్రికి తీసుకెళ్లారు. దారిలో వాంతి చేసుకున్నాడు, మగతగా ఉన్నాడు. ఈఎన్‌టీ డాక్టరు నోరు తెరిపించి చూసి, పుండుకు మందు పూసి, మాత్రలు రాసి ఇంటికి పంపారు. మర్నాడు పొద్దున్నే పిల్లవాడు చనిపోయాడు.

శవపరీక్ష చేస్తే పుర్రెలోపల 7.6 సెంటీమీటర్ల పుల్లముక్క దొరికింది. పుర్రె ఎముక ఎక్కడా పగల్లేదు. మెదడు నుంచి మెడలోకి పెద్ద సిర దిగివచ్చే సహజమైన రంధ్రం ఒకటి పుర్రె అడుగున ఉంటుంది. పుల్ల సరిగ్గా ఆ దారినే లోపలికి దూసుకుపోయి విరిగింది. డాక్టరు మీద క్రిమినల్ కేసు నడిచింది. 2006లో టోక్యో జిల్లా కోర్టు, పరీక్షలో లోపం ఉందంటూనే, సరిగ్గా చూసి ఉంటే పిల్లవాడు బతికేవాడని చెప్పలేమంటూ నిర్దోషిగా వదిలేసింది. 2008లో హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసి అసలు లోపమే లేదంది. ఇలాంటి గాయం ఏ డాక్టరు ఊహకూ అందదని ఆ తీర్పు సారాంశం.

ఆ తీర్పు మీద జపాన్‌లో వైద్యులకు ఒక అభిప్రాయం, తల్లిదండ్రులకు ఇంకొకటి. దాన్ని పక్కన పెట్టి వైద్యం వైపు నుంచి చూస్తే, చిన్నపిల్లల నోట్లో, గొంతులో వస్తువులు చేసే గాయాలన్నిటికీ ఆ కేసులో ఒక ఆనవాలు కనిపిస్తుంది. గాయం పైకి ఎంత కనబడుతుందో, లోపల జరిగిన నష్టం అంతే ఉంటుందన్న లెక్క ఇక్కడ పనిచేయదు. కాలు విరిగితే పిల్లవాడు నడవడు, చెయ్యి కాలితే ఏడుపు ఆపడు. గొంతులో మాత్రం పల్లీగింజ ఊపిరితిత్తిలోకి జారాక పిల్లవాడు తిరిగి ఆటలో పడిపోవచ్చు. బ్యాటరీ మింగినవాడు రాత్రి మామూలుగా నిద్రపోవచ్చు. బ్రష్షు గుచ్చుకున్నవాడికి పక్షవాతం మర్నాడు రావచ్చు. ‘ఆడుకుంటున్నాడుగా, ఏం కాలేదులే’ అన్న మాట ఇంట్లోనే కాదు, ఆసుపత్రుల్లోనూ వినిపిస్తుంది. ఈ రంగంలో నూటపాతికేళ్లుగా పోగైన అనుభవమంతా ఆ మాటకు ఎదురు సాక్ష్యమే.

గుచ్చుకోవడం, అడ్డుపడటం, కాల్చడం. వస్తువులు గొంతుకు చేసే కీడు ప్రధానంగా ఈ మూడు రకాలు.

మొదటిది చాలా సాదాగా జరుగుతుంది. ఏడాది నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలు నడక నేర్చుకుంటూనే పరుగూ నేర్చుకుంటారు. ఆ పరుగులో నోట్లో ఏదో ఒకటి ఉంటుంది. టూత్‌బ్రష్షు, పెన్సిలు, పుల్లఐస్ తిన్నాక చప్పరిస్తున్న పుల్ల, జ్యూస్ స్ట్రా, వేణువు, ఈల. బోర్లా పడితే నేల ఆ వస్తువును లోపలికి తోస్తుంది. ఎదురుగా ఉండేది అంగిలి, దాని వెనక గొంతు గోడ.

అమెరికాలో 1991 నుంచి 2010 వరకు ఇరవై ఏళ్ల అత్యవసర విభాగాల లెక్కలు తీసి చూస్తే పాలసీసాలు, పాలపీకలు, మూతికప్పుల వల్ల మూడేళ్లలోపు పిల్లలకు 45,398 గాయాలయ్యాయని అంచనా వచ్చింది. వాటిలో మూడింట రెండు వంతులు సీసాలవే. నూటికి 86 పడిపోవడం వల్ల, నూటికి 71 నోటి గాయాలు. పాలసీసాను ప్రమాదకరమైన వస్తువుగా ఎవరు చూస్తారు? అది పట్టుకుని కూర్చున్నంతసేపూ ప్రమాదమేమీ లేదు. నోట్లో పెట్టుకుని నడిస్తేనే పెన్సిలుకూ దానికీ తేడా తగ్గిపోతుంది.

ఈ గాయాల్లో ఎక్కువ భాగం వాటంతటవే మానిపోతాయి. నోటిలోని చర్మం చాలా త్వరగా అతుక్కుంటుంది. పెద్ద చీలిక పడి ముక్క వేలాడితే తప్ప కుట్లు అక్కర్లేదు. పెన్సిలు గుచ్చుకుంటే సీసం ఒంట్లోకి పోయిందని పెద్దవాళ్లు హడలిపోతారు గానీ, పెన్సిలు ములుకు గ్రాఫైటు, అందులో సీసం ఉండదు. భయపడాల్సింది వేరే రెండు విషయాలకు.

ఒకటి, మెదడుకు రక్తం మోసుకెళ్లే లోపలి కెరోటిడ్ ధమని టాన్సిల్ వెనకగా, కాస్త పక్కగా పైకి పోతుంది. అంగిలి పక్కభాగంలో మొద్దు వస్తువు గట్టిగా గుద్దితే ధమని తెగకపోయినా మెడ ఎముకకూ ఆ వస్తువుకూ మధ్య నలుగుతుంది. లోపలి పొర చిట్లుతుంది. ఆ చిట్లిన చోట రక్తం మెల్లగా గడ్డకట్టి, ఆ గడ్డ పెరిగి, ఊడి, మెదడులోకి పోతుంది. దీనికి గంటలు పడుతుంది. దెబ్బ తగిలిన మూడు గంటల నుంచి అరవై గంటల మధ్య లక్షణాలు బయటపడిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. అప్పటిదాకా పిల్ల అన్నం తింటుంది, బొమ్మలు చూస్తుంది. ఆ తర్వాత ఒక చెయ్యి వాలిపోతుంది, లేదా మాట పోతుంది.

ఇది అరుదు. అంగిలి గాయాలతో వచ్చేవారిలో నూటికి ఒక్కరికి కూడా రాదు. ఆ అరుదుతనమే డాక్టర్ల మధ్య తెగని వాదానికి మూలం. ప్రతి పిల్లకూ రక్తనాళాల సీటీ స్కాన్ తీయాలా? తీస్తే వందలమందికి అనవసరంగా రేడియేషన్, కొందరికి మత్తుమందు. తీయకపోతే ఆ ఒక్కరు తప్పిపోతారు. గాయం అంగిలి మధ్యలో ఉంటే భయం లేదని, పక్కన ఉంటేనే ప్రమాదమని చాన్నాళ్లు పాఠంలా చెప్పుకున్నారు. తర్వాత కేసులు సమీక్షిస్తే గాయం ఎక్కడుందన్నది పక్షవాతాన్ని ముందుగా పట్టించేంత నమ్మకమైన గుర్తు కాదని తేలింది. ఇప్పుడు ఎక్కువ చోట్ల అనుసరించేది మధ్యేమార్గం: మెడలో వాపు, చర్మం కింద గాలి, ఆగని రక్తం, నరాల లక్షణాలు ఉంటే స్కాన్. లేకపోతే ఇంటికి పంపుతూ, రెండు మూడు రోజులు ఏమేం గమనించాలో తల్లిదండ్రులకు విడమరిచి చెప్పడం. ఈ రెండో సగం రద్దీ ఆసుపత్రుల్లో ఎంతవరకు జరుగుతుందో చెప్పక్కర్లేదు. మందుల చీటీ చేతికొస్తుంది, మాట రాదు.

రెండో భయం, ముక్క లోపల మిగిలిపోవడం. ఎండిన చెక్క ఎక్స్‌రేలో దాదాపు కనపడదు. సీటీలో కూడా గాలిబుడగలా నల్లగా కనిపించి మోసం చేస్తుంది. మిగిలిన ముక్క చుట్టూ గొంతు వెనక చీము పడుతుంది, అది ఛాతీలోకి కూడా దిగవచ్చు. అందుకే గుచ్చుకున్న వస్తువును ఆసుపత్రికి వెంట తీసుకెళ్లడం మంచిది. మొన విరిగిందా లేదా అన్నది చూస్తే తెలిసిపోతుంది. వస్తువు ఇంకా గుచ్చుకునే ఉంటే ఇంట్లో లాగకూడదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి, ఎంత ఇబ్బందిగా ఉన్నా. ఇంకా పాకడం కూడా రాని పసిబిడ్డకు గొంతు వెనక గాయం కనిపిస్తే, ‘పడింది’ అన్న వివరణను పిల్లల డాక్టర్లు అంత తేలిగ్గా నమ్మరు. కదల్లేని బిడ్డ పుల్ల పట్టుకుని పరుగెత్తలేదు కదా. అలాంటి చోట విచారణ అవసరమవుతుంది.

ఇక రెండో రకం, అడ్డుపడటం. తెలుగిళ్లలో ఎవరికైనా పొలమారితే నడినెత్తి మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారు అంటారు. పెద్దవాళ్ల విషయంలో అది ముచ్చటే. ఏడాదిన్నర పిల్లకు పొలమారితే తలుచుకున్నవాళ్ల గురించి ఆలోచించే తీరిక ఉండదు.

పసిపిల్లలకే ఎందుకు ఎక్కువ? ముందుపళ్లు ఏడాదిలోపే వస్తాయి, నమిలే దవడపళ్లు ఏడాది దాటాకగానీ మొదలు కావు, రెండో జత రెండేళ్లు నిండాక. అంటే పల్లీని కొరికి ముక్క చేయగలరు, నూరి ముద్ద చేయలేరు. పైగా చేతికందిన ప్రతిదాన్నీ నోటితోనే పరీక్షించే వయసది. తింటూ నవ్వుతారు, ఏడుస్తారు, పరుగెత్తుతారు. నవ్వాలన్నా ఏడవాలన్నా ముందు ఊపిరి లోపలికి లాగాలి, ఆ లాగుడుకే నోట్లో ఉన్నది గాలిగొట్టంలోకి పోతుంది.

అది స్వరపేటిక దగ్గరే ఇరుక్కుంటే నిమిషాల వ్యవహారం. 2016లో స్కాట్లండులోని అబర్డీన్ వైద్యులు ద్రాక్షపళ్ల గురించి హెచ్చరిస్తూ రాశారు. ద్రాక్ష అడ్డుపడిన ముగ్గురు చిన్నపిల్లల్లో ఇద్దరు చనిపోయారు. నున్నగా, మెత్తగా, గాలిగొట్టం కన్నా కొంచెం పెద్దగా ఉండే పండు అక్కడ బిరడాలా కూర్చుంటుంది, పట్టుకుని తీయడానికి పట్టూ దొరకదు. నిలువుగా నాలుగు చీలికలు చేసి పెట్టండని వాళ్ల సలహా. మన తాటిముంజ ముక్కకూ, జెల్లీ కప్పులకూ ఇదే వర్తిస్తుంది. కొంజాక్ దుంప పిండితో చేసే చిన్న జెల్లీ కప్పులు నోట్లోకి పీల్చుకుంటే నేరుగా గొంతులోకి జారి, కరగకుండా అతుక్కుంటాయి. ఐరోపా సమాఖ్య 2003లో వాటిని నిషేధించింది. చనిపోయేవాళ్లు పసిపిల్లలే అనుకోనక్కర్లేదు. 2022 నవంబరులో వరంగల్‌లో ఎనిమిదేళ్ల బాలుడు, తండ్రి విదేశం నుంచి తెచ్చిన చాక్లెట్ బడిలో తింటూ గొంతుకు అడ్డుపడి ప్రాణాలు కోల్పోయాడు.

చిన్న వస్తువైతే స్వరపేటిక దాటి కిందికి జారుతుంది. అసలు మోసం జరిగేది ఇక్కడే. మొదట ఒక్కసారిగా దగ్గు, ఉక్కిరిబిక్కిరి, ముఖం కందిపోవడం. అయిదు నిమిషాల్లో అంతా సర్దుకుంటుంది. గాలిగొట్టం పెద్ద కొమ్మల గోడలు కొంతసేపటికి ఆ వస్తువుకు అలవాటు పడిపోయి, దగ్గు రాదు. పిల్ల లేచి ఆడుకుంటుంది. ఇంట్లోవాళ్లు మింగేసింది కాబోలు అనుకుంటారు. కొన్ని రోజులకో వారాలకో దగ్గు, జ్వరం, పిల్లికూతలు. డాక్టరు ఉబ్బసం అంటారు, లేకపోతే నిమోనియా అంటారు. మందు వాడినన్నాళ్లు తగ్గుతుంది, ఆపగానే తిరగబెడుతుంది, అదీ ఎప్పుడూ ఒకే పక్క ఊపిరితిత్తిలో.

మన దగ్గర ఇలా దొరికేవాటిలో వేరుశనగ గుళ్లది పెద్ద వాటా. తర్వాత శనగలు, బఠాణీలు, చింతగింజలు, సీతాఫలం గింజలు, వక్కముక్కలు, కొబ్బరి ముక్కలు. గింజలతో అదనపు చిక్కు ఉంది. తడికి ఉబ్బుతాయి. మొదటి రోజు పక్కనుంచి గాలి పోనిచ్చిన చింతగింజ మూడో రోజుకు దారి పూర్తిగా మూసేయగలదు. వేరుశనగలోని నూనె గాలిగొట్టం లోపలి పొరను రేపి వాచేలా చేస్తుంది. ఒక్కోసారి గింజ సైకిల్ ట్యూబు వాల్వులా పనిచేస్తుంది, గాలిని లోపలికి వదిలి బయటికి రానివ్వదు. ఆ పక్క ఊపిరితిత్తి ఉబ్బిపోతుంది. ఇవేవీ ఎక్స్‌రేలో నేరుగా కనబడవు, కొందరిలో ఎక్స్‌రే పూర్తిగా మామూలుగానే ఉంటుంది. పనిచేసే పరీక్ష పాతదే: ‘ఈమధ్య ఎప్పుడైనా ఏదైనా తింటూ ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరయిందా?’ అన్న ప్రశ్న. అవునని జవాబొస్తే, పిల్ల ఇప్పుడెంత హుషారుగా ఉన్నా, బ్రాంకోస్కోపీ గురించి, అంటే గాలిగొట్టంలోకి గొట్టం దింపి చూసే పరీక్ష గురించి, ఆలోచించక తప్పదు.

ఆ పరికరం కథ 1897లో మొదలైంది. జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో గుస్టావ్ కిలియాన్ ఒక రైతు గాలిగొట్టంలో ఇరుక్కున్న పందిఎముక ముక్కను, కొకైన్‌తో గొంతు మొద్దుబార్చి, లోహపు గొట్టం గుండా బయటికి తీశాడు. అంతకుముందు అలాంటి మనిషికి మిగిలింది మెడ దగ్గర గాలిగొట్టం కోయడమో, దేవుడి మీద భారం వేయడమో. ఆ విద్యను పిల్లల స్థాయికి దించినవాడు అమెరికాలో ఫిలడెల్ఫియాకు చెందిన షెవాలియర్ జాక్సన్. 1865లో పుట్టి 1958 దాకా బతికిన ఈయన తీసిన ప్రతి వస్తువునూ దాచుకున్నాడు. పిన్నీసులు, గుండీలు, గింజలు, నాణేలు, చిన్నచిన్న బొమ్మలు, మేకులు. మొత్తం 2,374. ఇప్పుడవి ఫిలడెల్ఫియాలోని ముటర్ మ్యూజియంలో సొరుగుల్లో వరసగా అమర్చి ఉన్నాయి. పిచ్చి సేకరణలా కనిపిస్తుంది గానీ, తెరుచుకున్న పిన్నీసును మొన గోడకు గీసుకోకుండా ఎలా తిప్పి తీయాలో ఆయన ముందుగా బయట సాధన చేసేవాడు. ఏ ఆకారానికి ఏ పట్టకారు అన్న జ్ఞానం ఆ సొరుగుల్లోంచే పుట్టింది.

ఇప్పుడు పూర్తి మత్తు ఇచ్చి గట్టి గొట్టపు బ్రాంకోస్కోపుతో చేస్తే అనుభవమున్న చోట చాలావరకు క్షేమంగా బయటికి వస్తాయి. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, విశాఖ ఈఎన్‌టీ ఆసుపత్రి లాంటివి ఈ పనికి పేరున్నవి. చిన్నపిల్లల కొలత పరికరాలు, వాటిని వాడే చెయ్యి, పసివాళ్లకు మత్తు ఇవ్వగల డాక్టరు, ఈ మూడూ ఒకేచోట రాత్రిపూట దొరకడం జిల్లాల్లో ఇప్పటికీ కష్టమే.

ఇంటి దగ్గర చేయాల్సిన దాని మీద వైద్యులే దశాబ్దాలుగా కొట్లాడుకున్నారు. వీపు మీద చరచడం పాత పద్ధతి. 1974లో అమెరికన్ సర్జన్ హెన్రీ హైమ్లిక్ వెనకనుంచి పట్టుకుని పొట్టను లోపలికి, పైకి నొక్కే పద్ధతి ప్రకటించాడు. వీపు చరిస్తే వస్తువు ఇంకా కిందికి దిగుతుందని, అది ప్రాణాంతకమని ఎక్కడికక్కడ ప్రచారం చేశాడు. 1985లో అమెరికా సర్జన్ జనరల్ ఎవరెట్ కూప్ ఆయన పక్షమే వహించాడు. ఇరవై ఏళ్లు గడిచాక అమెరికన్ రెడ్‌క్రాస్ మళ్లీ వీపు చరుపులకు తిరిగి వచ్చింది. అయిదు చరుపులు, అయిదు పొట్ట నొక్కుళ్లు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా 2025 మార్గదర్శకాల్లో పెద్దలకూ, ఏడాది దాటిన పిల్లలకూ ఈ క్రమాన్నే పెట్టింది. ప్రచారబలంతో గెలిచిన వాదం ఆధారాల ముందు వీగిపోవడానికి ఎంతకాలం పడుతుందో చూడటానికి ఇదొక మంచి ఉదాహరణ.

ప్రస్తుతం అంగీకరించిన పద్ధతి ఇది. పిల్ల గట్టిగా దగ్గుతూ, ఏడుస్తూ ఉంటే ముట్టుకోకూడదు. ఆ దగ్గు కన్నా బలమైన సాయం మనం చేయలేం. గొంతు పెగలకపోతే, దగ్గు శబ్దం లేకుండా పోతే, పెదవులు నీలంగా మారుతుంటే రంగంలోకి దిగాలి. ఏడాదిలోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో అయిదు చరుపులు. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య అయిదు నొక్కుళ్లు. అంత చిన్నవాళ్లకు పొట్ట నొక్కకూడదు, కాలేయం చిట్లవచ్చు. ఏడాది దాటితే అయిదు చరుపులు, అయిదు పొట్ట నొక్కుళ్లు. స్పృహ తప్పితే సీపీఆర్ మొదలుపెట్టి, 108కి ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. నెత్తిన తట్టడం వల్ల ఏమీ కాదు, మంచీ కాదు చెడూ కాదు. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి గెలకడం మాత్రం కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన సామెతే. కనిపించి, పట్టుకు దొరికితేనే తీయాలి.

చేపముల్లు సంగతి ఒక పేరాకు మించి అక్కర్లేదు. పులస తినే గోదావరి జిల్లాలవాళ్లకు అన్నం ముద్ద మింగించే వైద్యం తెలుసు. సన్నటి ముల్లైతే దాంతో దిగిపోవచ్చు. గట్టి ముల్లును ముద్ద ఇంకా లోతుగా గుచ్చుతుంది. ముల్లు ఎక్కువగా టాన్సిల్లోనో నాలుక మొదట్లోనో ఉంటుంది, దీపం, పట్టకారు ఉన్న డాక్టరుకు అది రెండు నిమిషాల పని.

మూడో రకం, కాల్చేది, కొత్తది. ఈ మొత్తం వ్యవహారంలో ఇప్పుడు డాక్టర్లను ఎక్కువగా భయపెడుతున్నది కూడా అదే. పిల్లలు మింగే వస్తువుల్లో నాణేలు ముందుంటాయి, అవి చాలావరకు మంచివే. కడుపులోకి దిగితే సాధారణంగా కొన్ని రోజుల్లో బయటికొస్తాయి. అన్నవాహికలో ఆగినా, ఊపిరికి, చొంగ మింగడానికి ఇబ్బంది లేకపోతే పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటలు వేచిచూడవచ్చు, కొన్ని తమంతట తామే దిగుతాయి. బటన్ బ్యాటరీ అంతే పరిమాణంలో, అంతే మెరుస్తూ ఉంటుంది. సీఆర్ 2032 రకం వ్యాసం 20 మిల్లీమీటర్లు, కొత్త రూపాయి నాణెం అంత. రిమోట్లలో, కారు తాళాల్లో, బరువు తూచే యంత్రాల్లో, వెలిగే బొమ్మల్లో, దీపావళికి కొనే ప్లాస్టిక్ ఎల్‌ఈడీ దీపాల్లో అదే.

ఆ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే లోపలి రసాయనం కారి కాలుతుందని చాలామంది అనుకుంటారు. అసలు కారణం అది కాదు. తడి కణజాలం రెండు ధ్రువాలను కలిపేస్తుంది, విద్యుత్తు ప్రవహిస్తుంది, ఋణధ్రువం దగ్గర హైడ్రాక్సైడ్ తయారవుతుంది. అంటే గాఢమైన క్షారం అక్కడికక్కడే పుడుతుంది. రెండు గంటలు చాలు, లోతైన పుండు పడటానికి. ఇంట్లో ‘అయిపోయింది’ అని తీసిపడేసిన లిథియం బ్యాటరీలో కూడా ఈ పని చేయడానికి సరిపడా వోల్టేజి మిగిలే ఉంటుంది.

విచిత్రమేమిటంటే జాక్సన్ జీవితకాలపు శత్రువు కూడా క్షారమే. ఆయన రోజుల్లో అమెరికా ఇళ్లలో శుభ్రతకు వాడే క్షారం పంచదారలా కనిపించేది. పిల్లలు నోట్లో వేసుకుని అన్నవాహికలు కుంచించుకుపోయి మంచినీళ్లు కూడా మింగలేని స్థితిలో ఆయన దగ్గరికి వచ్చేవారు. డబ్బాల మీద విషమని ముద్ర వేయాలని ఏళ్ల తరబడి తిరిగితే 1927లో కాస్టిక్ పాయిజన్ చట్టం వచ్చింది. ఇప్పుడు క్షారం డబ్బాలో రావడం లేదు. రిమోట్‌లో కూర్చుని వస్తోంది.

2010లో అమెరికా పరిశోధకులు పీడియాట్రిక్స్ పత్రికలో ప్రకటించిన సమీక్ష ప్రకారం 1985 నుంచి 2009 మధ్య బటన్ బ్యాటరీ కేసుల్లో తీవ్ర ఫలితాల శాతం 6.7 రెట్లు పెరిగింది. 20 మిల్లీమీటర్లు, ఆ పైన ఉన్న బ్యాటరీలు మింగిన ఆరేళ్లలోపు పిల్లల్లో నూటికి 12.6 మందికి తీవ్రమైన నష్టమో మరణమో. చనిపోయిన కేసుల్లో నూటికి 92, మింగడం ఎవరూ చూడనివి. సగానికి పైగా మొదట వేరే జబ్బుగా పొరబడినవి. జలుబు, దగ్గు, తినను అని మారాం. ఏ పిల్లకు రావు అవి? చూసినవాళ్లు లేకపోతే డాక్టరుకు ఆధారం ఎక్స్‌రే మాత్రమే. అందులో నాణెం అంచు ఒకే గీతగా, బ్యాటరీ అంచు జంట వలయంగా కనిపిస్తుంది. ఆ తేడా గమనించకుండా ‘నాణెమే, రేపు చూద్దాం’ అంటే రేపటికి పరిస్థితి చెయ్యి దాటిపోతుంది.

తీసేసిన తర్వాతా నిశ్చింత లేదు. కాలిన గోడ రోజులు, వారాల తరబడి కరుగుతూ పోయి గాలిగొట్టానికి రంధ్రం పడవచ్చు, పక్కనే ఉన్న బృహద్ధమనిలోకి తెరుచుకోవచ్చు. ఇంటికి వెళ్లి కోలుకుంటున్న పిల్లవాడు హఠాత్తుగా రక్తం కక్కుకుని పోయిన సందర్భాలున్నాయి.

ఇందులో ఒక్క ఆశాజనకమైన సంగతి తేనె. 2018లో వెలువడిన ప్రయోగాల్లో పందిపిల్లల అన్నవాహికల మీద రకరకాల ద్రవాలు పరీక్షిస్తే తేనె, సుక్రాల్ఫేట్ మందు కాలిన లోతును తగ్గించాయి. దాని ఆధారంగా అమెరికా విషనివారణ కేంద్రం సలహా ఇలా మారింది: ఏడాది దాటిన పిల్ల పన్నెండు గంటల లోపు బ్యాటరీ మింగిందని అనుమానముంటే, మింగగలుగుతుంటే, ఆసుపత్రికి వెళ్లే దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె, ఆరుసార్ల దాకా. వాంతి చేయించకూడదు. తేనె కోసం దుకాణానికి వెళ్లి ఆలస్యం చేయకూడదు. ఏడాదిలోపు బిడ్డకు తేనె అసలే వద్దు, బోటులిజం అనే జబ్బు ప్రమాదం ఉంది.

ఇన్ని తెలిశాక జాగ్రత్తంతా తల్లి మీదే వేయడం మన అలవాటు. రెండు సెకన్లలో జరిగిపోయేదాన్ని కళ్లల్లో వత్తులేసుకుని ఎవరూ ఆపలేరు. ఫలితమిచ్చినవి ఎక్కువగా వస్తువునే మార్చిన నియమాలు. 1991 నుంచి బిక్ పెన్నుల మూతకు కొసన రంధ్రం పెట్టారు, గొంతులో ఇరుక్కున్నా కొంత గాలి ఆడేందుకు. అమెరికాలో 1980 నుంచి మూడేళ్లలోపు పిల్లల బొమ్మలను 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టంలో వేసి చూస్తారు. ఏ భాగమైనా పూర్తిగా అందులో పడిపోతే ఆ బొమ్మ అమ్మడానికి వీల్లేదు. 1994 చట్టం బుడగల మీద హెచ్చరిక తప్పనిసరి చేసింది. పగిలిన రబ్బరు బుడగ ముక్క గొంతు ఆకారానికి అతుక్కుపోతుంది, చరిచినా నొక్కినా రాదు.

మన దేశంలో బొమ్మల నాణ్యతా ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఐఎస్ఐ ముద్ర లేని బొమ్మ అమ్మకూడదు. ఐఎస్ 9873 ప్రమాణంలో అదే గొట్టం పరీక్ష ఉంది. నమోదైన చేతివృత్తులవారికీ, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ మినహాయింపు ఇచ్చారు, కాబట్టి కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక బతికాయి. అది న్యాయమే. తిరునాళ్లలో పది రూపాయలకు దొరికే ఈలలూ, చక్రాలు ఊడే కార్లూ ఏ ముద్రా లేకుండానే ఇంకా అమ్ముడవుతున్నాయి. 2017లో ఏలూరులో నాలుగేళ్ల బాబు చిరుతిండి పొట్లంలో ఉచితంగా వచ్చిన ప్లాస్టిక్ బొమ్మను తిండితో పాటు మింగి చనిపోయాడు. పొట్లంలో తిండి మధ్యే బొమ్మ వేయడం ఎంత తెలివితక్కువ వ్యాపారమో చెప్పడానికి వైద్యశాస్త్రం అక్కర్లేదు.

తిండికి గొట్టం పరీక్ష ఎక్కడా లేదు. ద్రాక్షపండు అందులో ఇట్టే పడుతుంది, పల్లీ గురించి చెప్పనే అక్కర్లేదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2010లో ఆహార పొట్లాల మీద కూడా హెచ్చరికలు ఉండాలని అడిగింది. నాలుగేళ్లలోపు పిల్లలకు గుళ్లుగా పల్లీలు పెట్టవద్దన్నది పిల్లల డాక్టర్లు విస్తృతంగా ఇచ్చే సలహా. పొడిచేసి, చట్నీ చేసి పెడితే ఏ ఇబ్బందీ లేదు.

బ్యాటరీల విషయంలో ఆస్ట్రేలియా ముందడుగు వేసింది. 2022 జూన్ నుంచి బటన్ బ్యాటరీతో నడిచే ప్రతి గృహవస్తువుకూ పిల్లలు తెరవలేని అర తప్పనిసరి. అదే ఏడాది ఆగస్టులో అమెరికాలో రీస్ చట్టం వచ్చింది, బ్యాటరీ మింగి చనిపోయిన ఏడాదిన్నర పాప పేరు మీద. మన ఉత్తర్వు బొమ్మల వరకే. బొమ్మ కారు బ్యాటరీ అర స్క్రూ తిప్పితేగానీ తెరుచుకోకూడదని నియమం ఉంది. అదే బ్యాటరీ ఉన్న టీవీ పెట్టె రిమోట్‌, బరువు యంత్రం, దీపావళి ప్లాస్టిక్ దీపం బొమ్మలు కావు కాబట్టి ఆ ఉత్తర్వు వాటిని తాకదు. వాటి అడుగు మూత వేలిగోరుతో వస్తుంది.